కుట్టుపడిన నోట్లు

గోడలోని యంత్రం కార్డును మింగేసి, ఎన్ని మీటలు నొక్కినా ఉలుకూ పలుకూ లేకుండా నిలబడిన దగ్గర కిందటి వారం గువ్వనూ ఆమె మేనత్తనూ వదిలిపెట్టాం. పరాయి దేశం, ముక్క అర్థం కాని భాష. చేతిలో ఆ దేశపు నోటు ఒక్కటీ లేదు. విమానం దిగగానే మార్చుకున్న కాస్తా ఈ రేవు పట్టణం దాకా బస్సు ఛార్జీలకే సరిపోయింది. బయటి రేవులో ఆగి ఉన్న పెద్ద ఓడ ఎండ దిగేసరికి వెళ్ళిపోతుంది. ఆ ఓడలో బట్టలు ఉతికే విభాగంలో గువ్వ వాళ్ళమ్మ ఇస్త్రీ పని చేస్తుంది. గువ్వ ఆమెను చూసి ఏడేళ్ళయింది. బయటి రేవుకు లాంచీలో వెళ్ళాలి. ఆ లాంచీ టిక్కెట్టుకు ఆ దేశపు డబ్బే కావాలి.

అత్త మాత్రం పెద్దగా కంగారు పడలేదు. యంత్రానికి ఒక చూపు విసిరి, "పోతే పోయింది ప్లాస్టిక్ ముక్క. మీ నాన్న దాన్ని చూసుకుని మురిసిపోతాడు గానీ, నేను దాన్ని నమ్ముకుని బయల్దేరానా? అసలు డబ్బు నా ఒంటి మీదే ఉంది, రా," అంది.

నాన్న ఊరి నీళ్ళ పంపు నడిపే మనిషి. సెలవు దొరకక రాలేదు. బయల్దేరే ముందు కార్డు అంకెలు అత్త చేత పదే పదే అప్పజెప్పించాడు. బడిపిల్లకు పెట్టినట్టు తనకు పరీక్ష పెట్టడం అత్తకు నచ్చలేదు. అందుకే ఇప్పుడు కార్డు పోయినందుకు ఆమెకు లోలోపల కొంచెం సంతోషంగా కూడా ఉన్నట్టు గువ్వకు అనిపించింది.

లాంచీల ఆఫీసు వెనక ఆడవాళ్ళ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాక, అత్త నడుముకు కట్టుకున్న గుడ్డ పట్టీ విప్పింది. ఆమె దర్జీ. ముప్ఫై ఏళ్ళుగా మిషను తొక్కుతున్న మనిషి. ప్రయాణానికి డబ్బు దాచాలంటే అందరూ జేబులు కుట్టుకుంటారు. అత్తకు అది చేతకాని పని కింద లెక్క. నోట్లు లోపల ఒక చోటికి జారిపోతే పట్టీ ఉబ్బుతుందట, ఉబ్బితే దొంగ కంట్లో పడుతుందట. అందుకని రెండు పొరల గుడ్డ మధ్య నోట్లను వరసగా పరిచి, బొంతకు వేసినట్టు, ప్రతి నోటునూ నాలుగు అంచులా సన్నటి కుట్టుతో గుడ్డకు కలిపి కుట్టేసింది. పట్టీ పట్టీలాగే చదునుగా ఉంది. విమానాశ్రయంలో తడిమి చూసిన ఆవిడకు కూడా అనుమానం రాలేదు.

కత్తెర పెట్టెలో ఉంది. పెట్టె బస్టాండులో ఉంది. అత్త పళ్ళతో దారం కొరికి లాగడం మొదలుపెట్టింది. గువ్వ గోళ్ళతో లాగింది. "దొంగ వెధవ ఎవడైనా పట్టీ కోసుకుపోయాడే అనుకో, ఇవన్నీ విప్పుకునేసరికి వాడికి పెళ్ళీడు దాటిపోతుంది," అని అత్త దారం ముక్కలు ఉమ్ముతూ నవ్వింది. గువ్వ కూడా నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆమెకు నవ్వడం సులువుగా ఉంది. గోడ అవతల లాంచీ కూత వినపడింది. ఇంకాసేపట్లో అలాంటి ఒక లాంచీలో తాను కూర్చుని ఉంటుంది. అవతల ఒడ్డున అమ్మ ఉంటుంది. ఏడేళ్ళుగా ఫోనులో గొంతుగా మాత్రమే ఉన్న అమ్మ. ఓడ ఏదో ఒక రేవుకు చేరినప్పుడు వచ్చే ఫోను. తిన్నావా అని అడిగి, ఏం తిన్నావో చెప్పేలోగా కట్టయిపోయే ఫోను.

డబ్బు మార్చే కొట్టు వీధి మలుపులోనే ఉంది. మందపాటి గాజు కిటికీ, దాని కింద చెయ్యి పట్టేంత సందు, వెనక బట్టతల మనిషి. అత్త నోట్ల కట్టను సందులోంచి తోసి, చేతులు కట్టుకుని నిలబడింది. ఆ మనిషి పైనోటు తీసి, బల్లలో అమర్చిన దీపం మీద పరిచాడు. నోటు నాలుగు అంచుల వెంటా వెలుతురు సన్నటి చుక్కలుగా కారింది. చుక్క తర్వాత చుక్క, గీత గీసినట్టు.

"చూశావా, ఒక్క కుట్టన్నా పక్కకు పోయిందేమో," అంది అత్త గువ్వ చెవిలో.

ఆ మనిషి రెండో నోటు పరిచాడు. తర్వాత మధ్యలోంచి ఒకటి, అడుగునుంచి ఒకటి లాగాడు. అన్నీ అలాగే మెరిశాయి. అతను కట్టను మర్యాదగా సర్ది, సందులోంచి వెనక్కి తోసేశాడు. గాజుకు అతికించిన ఒక కాగితాన్ని వేలితో చూపించాడు. దాని మీద నోట్ల బొమ్మలున్నాయి. చిరిగిన నోటు, రాత రాసిన నోటు, పిన్ను గుచ్చిన నోటు. అన్నింటి మీదా ఎర్ర గీత కొట్టి ఉంది.

అప్పుడు గానీ అత్తకు విషయం ఎక్కలేదు. ఎక్కాక ఆమె ఊరుకోలేదు. చిరగలేదు కదా, రాయలేదు కదా, ఎవరి దగ్గరా కొట్టేయలేదు కదా అని తన భాషలో తాను వాదించింది. అతను తన భాషలో తాను చెప్పాడు. ఇద్దరూ ఒకరికొకరు చక్కగా అర్థమవుతున్నట్టే మాట్లాడుకున్నారు. చివరికి అత్త ఒక నోటు తీసి, అంచును నాలికతో తడిపి, బొటనవేలి గోటితో రుద్దడం మొదలుపెట్టింది. గుడ్డకైతే అది పని చేస్తుంది. కుట్టు విప్పాక మిగిలిన చిల్లులను తడి చేసి గోటితో రుద్దితే పోగులు సర్దుకుని, అక్కడ సూది దిగిందన్న జాడ కూడా ఉండదు. గువ్వ చిన్నప్పటి నుంచీ ఆ పని చూస్తూనే ఉంది. కాగితం గుడ్డ కాదు. రుద్దేకొద్దీ చిల్లు పెద్దదయింది. గాజు వెనక మనిషి ఆ గోటి వైపు కాసేపు జాలిగా చూసి, వీళ్ళిద్దరి వెనక నిలబడిన వాళ్ళను రమ్మని చెయ్యి ఊపాడు.

ఆ వీధిలోనే ఇంకో కొట్టుకు వెళ్ళారు. అక్కడ దీపం బల్ల కూడా లేదు, కిటికీ దగ్గరి అమ్మాయి నోటును ఎండకు ఎత్తి చూసింది, అంతే. లాంచీ టిక్కెట్ల దగ్గర అత్త మన నోటునే తీసుకొమ్మని బతిమాలింది. అక్కడి మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి, మీద ఉన్న బొమ్మ బాగుందన్నట్టు తల ఊపి, తిరిగి ఇచ్చేశాడు.

రేవు గట్టున సిమెంటు బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. అత్త పట్టీని ఒళ్ళో పెట్టుకుని తెగిన దారాలు ఏరుతోంది. చేతులు ఊరికే ఉంచడం ఆమెకు రాదు. గువ్వ నీళ్ళ వైపు చూస్తోంది. దూరాన ఓడ తెల్లగా, కదలకుండా ఉంది. ఆమెకు తెలిసిన ఏ ఇల్లూ అంత పెద్దది కాదు. అందులో ఏదో ఒక కిటికీ వెనక అమ్మ ఎవరివో చొక్కాలు ఇస్త్రీ చేస్తూ ఉంటుంది. గువ్వ వచ్చిందని తెలిస్తే చొక్కా అలాగే వదిలేసి పరిగెత్తుకొస్తుంది. కాలితే కాలనీ. చొక్కా కాలే వాసన కూడా గువ్వకు అందినట్టే ఉంది. ఇంత దూరం వచ్చి, కళ్ళకు కనపడేంత దగ్గరకు వచ్చి, ఇక్కడ కూర్చోవడం కంటే ఇంట్లో ఉండి తపించడమే నయమేమో అనిపించింది. ఇంట్లోనైతే మధ్యలో సముద్రముందని సర్ది చెప్పుకునేది. ఇప్పుడు ఉన్నది ఒక టిక్కెట్టు దూరమే.

ఒక లాంచీ వచ్చి, జనాన్ని ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

అమ్మేయడానికి ఏమైనా ఉందా అని గువ్వ అడిగింది. తన కళ్ళద్దాలు తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది కూడా. గువ్వ తిరిగి చూసేసరికి అత్త దారాలు ఏరడం మానేసి, మెడలోని తాడు పైకి లాగుతోంది. తాడు చివర చిన్న గుడ్డ సంచి. అందులోంచి నాలుగు మడతలు పెట్టిన నోట్లు తీసి బల్ల మీద పెట్టింది. అవి మన నోట్లు కావు. ఇందాక గాజు కిటికీ వెనక కట్టలు కట్టలుగా చూసిన నోట్లే. ఒక్క చిల్లు లేదు.

"ఇవెక్కడివి అత్తా?"

"మీ అమ్మవి."

తర్వాత అత్త సంగతంతా చెప్పుకొచ్చింది. కిందటి నెలలో ఓడ వంటవాడొకడు సెలవు మీద తన ఊరు వెళ్తూ, దారిలో అత్త కొట్టు వెతుక్కుంటూ వచ్చాడట. అమ్మ ఇచ్చిందని ఈ డబ్బు చేతిలో పెట్టాడట. లాంచీ ఎక్కేటప్పుడు ఇబ్బంది పడకుండా ముందే పంపింది. ఓడ ఏ రోజు ఏ రేవులో ఉంటుందో చెప్పి, ఆ రోజుకు తప్పకుండా రమ్మంది.

గువ్వకు ముందు సంతోషమే కలిగింది. అయితే అమ్మే పిలిచింది. తాము వెళ్తున్నది అమ్మకు తెలియకుండా కాదు, అమ్మ ఎదురు చూస్తోంది. మరి ఇంతసేపు ఈ డబ్బు పెట్టుకుని ఎందుకు వీధులన్నీ తిప్పావని అడగబోయి, నోట్ల వైపు చూసి ఆగిపోయింది. టిక్కెట్ల కిటికీ మీద అంకె పెద్దగా రాసి ఉంది. ఎవరైనా చదవగలరు. ఆ డబ్బు రానూ పోనూ ఒక్క మనిషికి సరిగ్గా సరిపోతుంది.

"నిన్నొక్కదాన్నే రమ్మందా?"

అత్త తల ఊపింది.

"నన్ను తేవద్దందా?"

"అలా అనలేదే..." అని అత్త మొదలుపెట్టి, అబద్ధం నోట్లో నిలవక ముఖం పక్కకు తిప్పుకుంది. "అంది. పిల్లను మాత్రం తేవద్దని రెండుసార్లు చెప్పమందట. ఎందుకో వాడికీ తెలియదు. మీ నాన్నకు నేను ఈ సంగతే చెప్పలేదు. సెలవుల్లో పిల్లను తీసుకెళ్ళి వాళ్ళమ్మను చూపించుకొస్తానన్నాను, అంతే."

గువ్వకు ఏడుపు రాలేదు. అమ్మకు తనను చూడాలని లేదు అన్న మాట ఆమె లోపల ఎక్కడో ఎప్పటి నుంచో ఉంది. ఫోను కట్టయిన ప్రతిసారీ ఆ మాటను లోపలికి తోసి తలుపు వేసేది. ఇప్పుడు అది బల్ల మీద నోట్లుగా కూర్చుని ఉంది.

"మరి నన్నెందుకు తెచ్చావు?" అంది నెమ్మదిగా.

"రాత్రిళ్ళు నువ్వు గోడ వైపు తిరిగి ఏం చేస్తున్నావో నాకు తెలియదనుకున్నావా? వద్దనడం మీ అమ్మ ఇష్టం. తేవడం నా ఇష్టం. ఎదురుగా నిన్ను చూశాక కూడా పొమ్మంటుందా, అదీ చూద్దామనుకున్నాను. ఇద్దరం కలిసి వెళ్తాం, తిట్లన్నీ నేను తింటాను, నువ్వు వెనక నిలబడి ఉంటావు అనుకున్నాను. ఈ సంగతి నీకు తెలియాల్సిన అవసరమే రాదనుకున్నాను. నా కుట్టే నన్ను ముంచింది." అత్త నోట్లు తీసి గువ్వ చేతిలో కుక్కింది. "లే. తర్వాతి లాంచీ వస్తోంది. వెళ్ళు."

గువ్వ వెనక్కి ఇవ్వబోయింది. రమ్మన్నది నిన్ను కదా, నువ్వే వెళ్ళు అంది. ఏ ఆపదలో ఉండి పిలిచిందో ఏమో అంది. తాను ఇక్కడే కూర్చుంటాననీ, ఎక్కడికీ కదలననీ అంది. ఆమె జీవితంలో అన్ని మాటలు ఒకేసారి మాట్లాడడం అదే మొదలు. అత్త వింటున్నట్టే విని, ఆమె చొక్కా గుండీలు సర్దింది. కత్తిరించిన జుట్టును చెవుల వెనక్కి తోసింది. నిరుడు జ్వరం వచ్చి జుట్టంతా రాలిపోతే కత్తిరించేశారు. ఆ తర్వాతే కళ్ళద్దాలు కూడా వచ్చాయి. దూరాన ఉన్న మనిషిని దిగులు పెట్టడం ఎందుకని అమ్మకు అవేవీ చెప్పలేదు. నాన్న ఇప్పటికీ రెండు జడల పాత ఫోటోనే పంపుతున్నాడు.

"నేను వెళ్తే మీ అమ్మ నాతో మాట్లాడుతుంది, సరే," అంది అత్త. "కానీ నువ్వు ఇక్కడ కూర్చుని ఆ ఓడ వెళ్ళిపోవడం చూశావనుకో, ఇంక జన్మలో నువ్వు ఎవరినీ ఏదీ అడగవు. నిన్ను పెంచింది నేను. నాకు తెలుసు. ఈలోపు నేను బ్యాంకు వాళ్ళ మీద పడి ఆ ప్లాస్టిక్ ముక్క కక్కిస్తాను. పో తల్లీ."

లాంచీలో గువ్వ అంచు సీట్లో కూర్చుంది. పక్కన వాళ్ళు నవ్వుకుంటూ ఏవో తింటున్నారు. ఆమె పెదవులు కదపకుండా, ఊపిరితోనే, అమ్మా అని అనుకుని చూసింది. ఆ పిలుపు చాలా ఏళ్ళుగా ఫోనుకే అలవాటు పడిపోయింది. ఎదురుగా మనిషి ఉండగా ఎంత గట్టిగా పిలవాలో తెలియడం లేదు. ముందు కాళ్ళకు చుట్టుకుపోవాలా, నిలబడాలా. తేవద్దన్న పిల్లను నేనే అని చెప్పుకోవాలా. నీళ్ళు ఎగిరి కళ్ళద్దాల మీద పడుతున్నాయి. తుడుచుకునేసరికి ఓడ ఇంకా పెద్దదవుతోంది. చివరికి ఆకాశం కనపడకుండా అడ్డం నిలబడింది.

లాంచీ గట్టును తాకేసరికి ఓడ నిచ్చెన పైకి లాగేస్తున్నారు.

గువ్వ పరిగెత్తింది. తాళ్ళు విప్పే వాళ్ళు అడ్డం చెయ్యి పెట్టి ఆపారు. పైన కటకటాల వెంట నీలం దుస్తుల పనివాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. అందులో ఆడవాళ్ళను ఒక్కొక్కరినే చూసింది. చూపు సగం దాకా వెళ్ళేసరికి ఆ ముఖాలు కదలడం మొదలుపెట్టాయి. కదులుతున్నది ఓడ అని తెలియడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. గట్టుకూ ఓడకూ మధ్య నీళ్ళు సందుగా కనపడి, వీధంత అయి, చెరువంత అయ్యాయి. ఎవరో చెయ్యి ఊపుతున్నారు. తనకే అనుకుని గువ్వ కూడా చెయ్యెత్తింది. పక్కనే ఉన్న ముసలాయన కూడా ఊపుతున్నాడని చూసి దించేసుకుంది.

అయిపోయింది అనుకుంది. అత్తకు ఏమని చెప్పాలి.

గట్టు ఖాళీ అయింది. వెనక్కి వెళ్ళే లాంచీ దగ్గరికి నడవబోతుంటే, సరుకుల గది గోడ పక్కన ఒక ఆడమనిషి పెట్టె మీద కూర్చుని కనిపించింది. ఆమె వెళ్ళిపోతున్న ఓడ వైపు చూడడం లేదు. ఓడకు వీపు పెట్టి, లాంచీ దిగిన వాళ్ళనే చూస్తోంది. నీలం దుస్తులు లేవు. మామూలు గోధుమ రంగు కోటు. మనిషి ఫోటోలో కంటే సగమైంది. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. మోకాళ్ళ మీద పెట్టుకున్న చేతులకు మణికట్టు దాకా పాత కాలిన మచ్చలున్నాయి.

గువ్వ గుర్తుపట్టింది. అమ్మ ఓడలో లేదు. ఓడ వెళ్ళిపోయినా అమ్మ ఇక్కడే ఉంది, పెట్టెతో సహా.

అమ్మ చూపు గువ్వ మీద పడింది. ముఖం మీదుగా, కళ్ళద్దాల మీదుగా, కత్తిరించిన జుట్టు మీదుగా వెళ్ళి, వెనక ఖాళీ లాంచీ దగ్గర ఆగింది. తర్వాత లేచి గువ్వ దగ్గరికే వచ్చి, గువ్వకు తెలియని ఆ భాషలో ఏదో అడిగింది. ఫోనులో తిన్నావా అని అడిగే గొంతే. ఒక్క ముక్క అర్థం కాలేదు. అమ్మ పరాయివాళ్ళతో మాట్లాడేటప్పుడు పెట్టుకునే చిన్న నవ్వు పెట్టుకుని, చేతులతో చూపించింది. ఇంత పొట్టి, ఇంత లావు, చంకలో పెద్ద సంచి, ఆగకుండా కదిలే నోరు. అచ్చం అత్తే. గువ్వకు నవ్వూ ఏడుపూ ఒకేసారి పొంగుకొచ్చి, రెండూ బయటికి రాలేదు. తల అడ్డంగా ఊపింది. ఏమని ఊపిందో ఆమెకే తెలియదు.

అమ్మ ఆ భాషలోనే ఇంకో చిన్న మాట అంది. పోనీలే అనో, మంచిదమ్మా అనో అయి ఉంటుంది. పెట్టె దగ్గరికి తిరిగి వెళ్ళింది. వంగి పిడి పట్టుకుంటూ, తనలో తాను అన్నట్టు, మన మాటల్లో అంది.

"నువ్వు కూడా రాలేదా వదినా."

పెట్టె లాక్కుంటూ రెండో వైపు మెట్ల దగ్గరికి నడిచింది. అక్కడ వేరే లాంచీ ఉంది. అది పట్టణానికి వెళ్ళేది కాదు. పట్టణానికి వెళ్ళే వాళ్ళంతా ఇవతలే నిలబడి ఉన్నారు. పెట్టె చక్రాలు రాళ్ళ మీద ఎగిరెగిరి పడుతున్నాయి. గువ్వ నిలబడే ఉంది. పిలిస్తే తాను తేవద్దన్న పిల్లనని తెలిసిపోతుంది. పిలవకపోతే ఆ చక్రాల చప్పుడు కూడా వినపడని దూరం వెళ్ళిపోతుంది. లాంచీలో అంతసేపు నేర్చుకున్న ఒక్క మాట ఉంది, అది నాలిక మీదికి రాలేదు. వేరే ఏవో మాటలు వచ్చాయి. అత్త కుట్టు కొట్టుకు వచ్చే కొత్త మనుషులతో మాట్లాడే మాటలు.

"అత్త వచ్చిందండీ. అవతలి గట్టున ఉంది. నన్ను పంపిందండీ."

చక్రాల చప్పుడు ఆగిపోయింది. అమ్మ వెనక్కి తిరగలేదు. కోటు కింద భుజాలు ఒక్కసారి పైకి లేచి అలాగే ఉండిపోయాయి. ఆమె ఏడుస్తుందేమో అనుకుంది గువ్వ. చేతిలోది వదిలేసి తిరుగుతుందేమో అనుకుంది. అమ్మ మాత్రం పెట్టె పిడిని ఇంకా గట్టిగా పట్టుకుంది. ఎదురుగా ఉన్న నీళ్ళతో మాట్లాడినట్టు, భయం భయంగా అడిగింది.

"మీ నాన్న కూడా వచ్చాడా?"